పెళ్లికొడుకు చెప్పు కుట్టిన వైనం

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏదైనా తెగిందంటే నాకు పండగే. తొమ్మిదో తరగతి సెలవుల్లో కొత్తగా కుట్టు నేర్చుకున్నాను మరి. స్కూలు బ్యాగు పట్టీలు, లంగా నాడాలు, నాయన చెప్పులు, ఏదీ వదల్లేదు. (తెగనివి కూడా కుట్టేదాన్నని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోను.) మా ఇంట్లోది గుళ్లో స్వామికి వస్త్రాలు కుట్టే మిషను కాబట్టి చెప్పులు దాని దాపుకు పోకూడదు. వాటికి దబ్బనమే గతి.

ఓ రోజు అక్కను చూడటానికి బంగారుపాళ్యం నుంచి పెళ్లికొడుకు వాళ్లు చిత్తూరుకు వచ్చారు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే ఆ అబ్బాయి అక్కకు నచ్చాడు. కానీ పెళ్లయ్యాక పూతలపట్టు బడిలో టీచరు పని మానమంటాడేమోనని దాని బెంగ. పెద్దల మధ్య అడిగే వీలే చిక్కలేదు. లోపలికి వచ్చి, "ఆ మాట అడక్కుండా నేనెట్ల సరేననేదే?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. నా ప్రాణం ఉసూరుమంది. అక్క కోసం ఏదైనా చేయాలి. (నాకు చేతనైంది ఒకటే.) గుమ్మం బయట చూస్తే, పెళ్లికొడుకు విడిచిన చెప్పుకు పట్టీ తెగి వేలాడుతోంది. ఇంకేం, దబ్బనం తెచ్చి, మెట్టు మీద కూర్చుని, మైనం రుద్దిన దారంతో బిగించి కుట్టేశాను.

వెళ్లబోతూ అతను చెప్పులో కాలు పెట్టి "అబ్బా!" అని అరిచాడు. అందరూ బయటికి పరుగెత్తుకొచ్చారు.

"ఎవురు కుట్టినారు దీన్ని?"

"నేనే. తెగింటే కుట్టినాను," అన్నాను గర్వంగా.

"తెగలేదు పాపా, నేనే కోసుకున్నాను. మామిడికాయల క్రేటు పడి బొటనేలు వాసిండాది."

"ఈ పిల్ల చేతులు కట్టెయ్యాల!" అని అమ్మ తల బాదుకుంది. నాయన మాత్రం, "ఇంకో కాఫీ తాగుదాం రాండప్పా," అని పెద్దలను లోపలికి తీసుకుపోయాడు.

నా కుట్టు గట్టిదనం ఆ రోజే తెలిసింది, నేనే విప్పబోతే ఓ పట్టాన ఊడలేదు. బ్లేడు తెచ్చిచ్చిన అక్క అక్కడే నిలబడిపోయింది. మెల్లగా అతన్ని అడిగింది, "పెండ్లయినాక బడికి పోనిస్తారా?"

"ఇంట్లో కూసోని ఏం జేస్తారు? మా ఇంటి ముందరే బస్సు నిలుస్తాది," అన్నాడతను.

అక్క నవ్వింది. నేను తలెత్తకుండా, మిగిలిన కుట్లను కావాలనే నిదానంగా కోశాను.

ఇప్పటికీ బావ మా ఇంటికి వస్తే చెప్పులు తీసి, నాకు అందకుండా కిటికీ మీద పెడతాడు. తిరుపతిలో నాకిప్పుడు సొంత కుట్టు దుకాణం ఉంది. ఎవరేం తెచ్చినా ఎక్కడ కుట్టాలి, ఎంత బిగించాలి అని వాళ్లు విసుక్కునేదాకా అడిగిగానీ సూది ముట్టను. అప్పుడప్పుడూ, ఎవరినీ అడక్కుండా మెట్టు మీద కూర్చున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. అది కుట్టేముందు అడిగి ఉంటే, అక్కకు అడిగే వీలు దొరికేదే కాదు.