కుక్కపిల్లా, పంచితం సీసా

ఆ ఎనిమిది రోజులూ నేను ఒక్క చాయ్ కూడా కూర్చుని పూర్తిగా తాగలేదు. గ్లాసు నోటిదాకా పోయేలోపే కుక్కపిల్ల నేల వాసన చూడటం మొదలుపెట్టేది. గ్లాసు ఎక్కడ వీలైతే అక్కడ పెట్టేసి, దాన్ని చంకనేసుకుని వీధిలోకి ఉరికేదాన్ని. తర్వాత ఆ గ్లాసులు కిటికీలో, కుట్టు మిషన్ మీద, ఒకసారి బియ్యం డబ్బా మీద మీగడ కట్టి దొరికేవి.

దాన్ని తెచ్చింది నేనే. కమఠాణలో మా తమ్ముడి చేను దగ్గర కుక్క ఈనిందంటే చూడటానికి పోయి, పిల్లల్లో ఒకదాన్ని కూరగాయల సంచిలో పెట్టుకుని బీదర్ బస్సెక్కాను. ఎవరినీ అడగలేదు. పెళ్లై ఈ ఇంటికొచ్చి పంతొమ్మిదేళ్లు. పరదాల రంగు నుంచి పప్పులో వేసే చింతపండు దాకా ఇక్కడ అన్నీ మా అత్తమ్మ చెప్పినట్టే. రోజూ పొద్దున నేను పొయ్యి దగ్గర నిలబడగానే దేవుని అర్రలోంచి ఆమె అరిచే మాట కూడా ఒక్కటే: "పోపు మాడుతాందే!" మాడినా, మాడకపోయినా. అలాంటి ఇంట్లోకి నా అంతట నేను అనుకుని తెచ్చింది ఈ కుక్కపిల్లనే. బస్సులో సంచి మీద చెయ్యేసుకుని కూర్చుంటే, ఇది నాది అని ఒకటే అనిపించింది.

అత్తమ్మ గడప దగ్గరే ఆపేసింది.

"ఏందే అది?"

"కుక్కపిల్ల, అత్తమ్మా."

"గది నాకు కనవడ్తలేదా? ఇంట్ల దేవుడున్నడు."

మా ఆయన అప్పుడే గంజ్‌లోని దుకాణం నుంచి వచ్చాడు. పప్పుల హోల్‌సేల్‌లో ఎంత మొండివాణ్నైనా మాటలతో దారికి తెస్తాడు, తల్లి ముందు మాత్రం నోరు మెదపడు. చెప్పులు విప్పుతూ అక్కడే వంగి ఉండిపోయాడు. తీర్పు అత్తమ్మే చెప్పింది.

"ఎనిమిది దినాలు. అంతల బయటికి పోవుడు నేర్చిందా, ఉంటది. నేర్వకుంటే మీ తమ్ముని కాడికి వాపస్ పంపియ్యాలె. అప్పటిదాక పేరు గీరు పెట్టకుండ్రి. పేరు పెట్టినంక పంపబుద్ధి గాదు."

పేరు సంగతి ఆమె ముందే ఆలోచించిందంటే, పంపడం ఖాయమని అనుకుందన్న మాట. నాకు ఒళ్లు మండింది. చూద్దాం అనుకున్నాను.

మా ఇంటి ఎదురుగా ఒక ఖాళీ ప్లాటు ఉంది. ఎవరో ఇల్లు కడదామని ఎర్ర మొరం కుప్ప పోయించి, ఆ తర్వాత ఇటు తొంగి చూడలేదు. లేవగానే, తినగానే, ఆడగానే, పడుకోబోయే ముందు, మధ్యలో గంట గంటకూ దాన్ని అక్కడికి మోసుకుపోయేదాన్ని. అది చెత్తనంతా వాసన చూసేది. చీమల వెంట పడేది. నా చీర కుచ్చిళ్లు కొరికేది. "పొయ్యవే తల్లీ, పొయ్" అని నేను వీధి జనం వింటుండగా బతిమాలేదాన్ని. ఎట్టకేలకు కాళ్లు వంచి కూర్చుందనుకునేసరికి ఎయిర్‌ఫోర్స్ విమానం నెత్తి మీద నుంచి గర్జించుకుంటూ పోయేది. మేం ఆ చప్పుడును పట్టించుకోవడం ఎప్పుడో మానేశాం. పొలం నుంచి వచ్చిన ఆ పసిది మాత్రం పని సగంలో ఆపేసి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని ఇంట్లోకి పరుగు. లోపల దేవుని అర్ర ముందు, సరిగ్గా అక్కడే, మిగతా సగం.

ఇంట్లో నేలంతా షాబాదు బండలు. బండకీ బండకీ మధ్య సందుల్లోకి తడి ఇంకిపోతుంది, ఎంత తుడిచినా పూర్తిగా రాదు. తుడవడం నా పని. తుడిచాక శుద్ధి అత్తమ్మ పని. దేవుని అర్ర గూట్లో పాత శర్బత్ సీసా ఒకటి ఉంటుంది, దాన్నిండా ఆవు పంచితం, అదే గోమూత్రం. పాలు పోసే ఆమె పట్టి తెచ్చిస్తుంది. అత్తమ్మ దాన్ని గిన్నెలో వంచి, మామిడాకు ముంచి, కుక్క పాడు చేసిన చోట మూడుసార్లు చల్లుతుంది. ఆమె పూజలో ఉంటే ఆ చల్లడం కూడా నాదే. ఎవరైనా బయటి నుంచి బురద కాళ్లతో వచ్చినా ఇదే పద్ధతి. మా ఇళ్లల్లో ఇది కొత్తేం కాదు, నాకు ఎన్నడూ వింతగా అనిపించలేదు.

నాలుగు రోజులకు నాలుగు చోట్లు ఖాయమయ్యాయి. దేవుని అర్ర ముందు, వంటింటి గడప, అత్తమ్మ మంచం కింద, మెట్ల దగ్గర. మేం కడిగే కొద్దీ అది అక్కడే. ఐదో రోజు పొద్దున మంచం కింద నుంచి తడి బయటికి పారుతూ కనబడేసరికి నాకు కోపం ఆగలేదు. దాని వీపు మీద ఒక్కటిచ్చాను. అది అరవలేదు. నా పాదం మీద తల పెట్టి పడుకుంది. నా మీద నాకే అసహ్యమేసింది. మా ఆయనకు ఫోన్ చేసి ఏడుపు గొంతుతో చెబితే, "ఫికర్ జెయ్యకు, నేర్చుకుంటది" అన్నాడు, వెనకాల ఎవరికో కందిపప్పు ధర చెబుతూ.

అదే రోజు నల్లా బాగు చేసే ఆయన వచ్చాడు. బయట మురుగు మోరీలో దిగి, ఆ కాళ్లతోనే లోపలికొచ్చి, కుట్టు మిషన్ పక్కన నిలబడి పైపు చూసి పోయాడు. ఆయన వీధి మలుపు తిరక్కముందే అత్తమ్మ మిషన్ పక్కన పంచితం చల్లేసింది. నేను చిక్కుడుకాయలు తుంచుతూ, ఒక కన్ను కుక్క మీదే పెట్టుకుని కూర్చున్నాను. అది నిద్రలేచింది. ముక్కు పైకెత్తింది. ఇంతవరకూ ఎన్నడూ పోని మిషన్ వైపు తిన్నగా నడిచి, అత్తమ్మ చల్లిన చుక్కల్ని వాసన చూసి, రెండు చుట్లు తిరిగి, అక్కడే పోసింది.

చిక్కుడుకాయ చేతిలో అట్లాగే ఉండిపోయింది. నాలుగు రోజులుగా మేం శుద్ధి చేసుకుంటున్నాం అనుకుంటూ, ఇక్కడ పోసుకో తల్లీ అని దానికి చుక్కలు పెట్టి మరీ చూపిస్తున్నాం. సగం సార్లు చల్లింది నా చేతులే. పాపం దాన్ని కొట్టింది కూడా ఆ చేతులే.

వెళ్లి చెప్పొచ్చు. అత్తమ్మా, మీ శుద్ధి వాసనకే కుక్క వస్తోంది అని. కానీ ఆ మాట ఆమె ఏ చెవితో వింటుందో నాకు తెలుసు. కుక్క కోసం కోడలు దేవుని పద్ధతికే వంక పెట్టిందని, ఆ సాయంత్రమే దాన్ని కమఠాణ బస్సెక్కించేది. ఇంకా మూడు రోజులే మిగిలాయి. అందుకని నేను చెయ్యకూడని పని చేశాను. అత్తమ్మ స్నానానికి పోయినప్పుడు సీసాలోని పంచితం వేరే డబ్బాలోకి ఒంపి, సీసాను కడిగి, దాన్నిండా పలచటి చాయ్ డికాషన్ పోసి, చిటికెడు పసుపు కలిపి గూట్లో పెట్టాను. రంగు సరిగ్గా కుదిరింది.

డబ్బా తీసుకుని ప్లాటుకు పోయి మొరం కుప్ప పక్కన చల్లాను. కుక్కపిల్లను దించాను. ముక్కు పైకెత్తింది, చుట్టు తిరిగింది, కూర్చుంది. అప్పుడే విమానం. నేను అక్కడే వంగి రెండు చేతులతో దాని చెవులు మూశాను. పక్కింటామె మిద్దె మీద నుంచి చూస్తూ ఉంది, చూడనీ. అది మొత్తం పని పూర్తి చేసి నా మొహంలోకి చూసింది. మొరం మీద ఆ తడి మచ్చను చూసి అంత సంతోషపడతానని నేను కలలో కూడా అనుకోలేదు.

లోపలికొచ్చేసరికి అత్తమ్మ మిషన్ పక్కన మామిడాకుతో చల్లుతోంది. ఇప్పుడు పట్టుకుంటుంది, పంచితానికీ చాయ్‌కీ తేడా ఎవరికి తెలియదు అనుకుంటూ గోడకానుకుని నిలబడ్డాను. ఆమె గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చింది.

"ఇయ్యాల మంచి ఘాటున్నది," అంది. "ఇగ ఇల్లు సాఫయింది."

ఆ గిన్నెలో ఘాటు అన్నదే లేదు.

ఆ మర్నాడంతా కుక్కను వదిలేసి ఆమెనే చూశాను. ఆరిపోయిన ఊదుబత్తి ముందు కూర్చుని వాసన బాగుందని మెచ్చుకుంది. విరిగిన పాలను కళ్లతో చూసేదాకా పట్టుకోలేదు. కరోనా వచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ జ్వరం ఆమెకే. అంటే అప్పటినుంచీ? అప్పటినుంచీ నా పోపు మాడిందని ఆమె అన్నదంతా ఉత్త ఊహేనా? ముందు నాకు పట్టరాని కోపమొచ్చింది. ఇన్నేళ్లూ ఆ మాట పడి, పొయ్యి మంట తగ్గించుకుంటూ బతికాను. తర్వాత, ఆమె ఒక్కతే బండల మీద వంగి, ఎక్కడ మైల ఉందో తెలియక ఉన్నచోటల్లా చల్లుకుంటూ పోవడం కనబడింది. ఆ కోపం అట్లాగే నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు.

ఇంట్లో బండలు పొడిగానే ఉన్నాయి. కుక్క తనంత తానే గడప దగ్గర నిలబడి మూలుగుతోంది. నేను గెలిచినట్టే. అయినా నాకు ఒక చోట నిలబడబుద్ధి కాలేదు. దేవుని ముందు చాయ్ నీళ్లు చల్లుతున్న ఆమెను చూసినప్పుడల్లా వంటింట్లోకి పోయి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

ఎనిమిదో రోజు సాయంత్రం అత్తమ్మ గడప మీద కూర్చుని నన్ను పిలిచింది.

"కూసో. ఒక్క మాట అడుగుత, అబద్ధం చెప్పకు. ఇంట్ల కుక్క వాసనొస్తాందా?"

"లేదత్తమ్మా."

"దేవుని అర్రల?"

"లేదు."

ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంది. "నాకు తెలుస్తలేదే. ఆ జ్వరమొచ్చినప్పటి సంది ముక్కు పనిజేస్తలేదు. దేవునికి మల్లెపూలు పెట్టినా, కాయితం పూలు పెట్టినా నాకు ఒక్కటే. కొడుక్కు గూడ చెప్పలే. నీ ముక్కు మీద నమ్మకంతోని అడుగుతున్న."

ఊరుకుంటే కుక్క నాదయ్యేది. కానీ నమ్మకం అన్న తర్వాత ఊరుకోలేకపోయాను.

"సీసాల ఉన్నది పంచితం గాదు, అత్తమ్మా. చాయ్ నీళ్లు. నేనే మార్చిన." కారణం కూడా చెప్పాను, ఆ వాసన, ఆ చుక్కలు, ప్లాటు, అంతా.

"ఎన్ని దినాల సంది?"

"మూడు."

"దేవుని ముంగట గూడ?"

"గూడ."

ఆమె లేచి లోపలికి పోయి తలుపేసుకుంది. అన్నానికి రాలేదు. మా ఆయన నన్నూ, తలుపునూ చూసి చెప్పులేసుకుని మళ్లీ దుకాణానికి పోయాడు. నేను తమ్ముడికి ఫోన్ చేసి, పొద్దున్నే వచ్చి కుక్కను తీసుకుపొమ్మన్నాను. అది పడుకునే గంపలోని గోనెసంచి ముక్కను మడత పెడుతుంటే ఏడుపు ఆగలేదు.

తెల్లారి లేచి చూస్తే గంపలో కుక్క లేదు. తమ్ముడు వచ్చి పోయాడనుకుని వీధిలోకి ఉరికాను. ప్లాటులో మొరం కుప్ప పక్కన అత్తమ్మ. మడి పోకుండా కొంగు చివరతో తాడు పట్టుకుని నిలబడింది. రెండో చేతిలో నేను దాచిన పంచితం డబ్బా.

"పొయ్యే, జల్ది పొయ్. నాకు పూజున్నది."

విమానం వచ్చింది. ఆమె డబ్బా ఉన్న చెయ్యి ఆకాశం వైపు ఎత్తి, "ఆగరా, జర ఆగు!" అని గద్దించింది. కుక్క బెదరలేదు. పని కానిచ్చింది.

అత్తమ్మ గడప దగ్గరికొచ్చి తాడు నా చేతిలో పెట్టింది. "మీ తమ్మునికి రావద్దని చెప్పు. ఇంకోపారి దేవుని కాడికి చాయ్ నీళ్లు తెచ్చినవంటే, కుక్కను గాదు, నిన్ను పంపిస్త." ఆ మాటంటున్నప్పుడు ఆమె మొహంలో కోపం లేదు, పిల్లను నడిపించి వచ్చిన గర్వం ఉంది.

అప్పుడే నా ముక్కుకు తగిలింది. లోపల పొయ్యి మీద నూనె పెట్టి, ఆవాలు వేసి, కుక్క మూలిగిందని ఆమె బయటికి వచ్చినట్టుంది. గడప మీద నిలబడి ఆమెకు ఏమీ తెలియడం లేదు. నా ముఖమే చూస్తోంది.

"ఏందే, ఏమైంది?"

"పోపు మాడుతాంది, అత్తమ్మా."

ఆమె ఒక్క క్షణం నన్ను అట్లాగే చూసి, "మరి చూస్తవేందే, ఉరుకు!" అంది.

తాడు ఆమె చేతిలో పెట్టి లోపలికి ఉరికాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకోకుండానే అందుకుంది.