పెనుకొండలో క్రాసింగ్

హిందూపురం నుంచి ధర్మవరానికి రైలు పట్టాలు పరిచింది మా తాతేనని చాలామందికి చెప్పాను. టీ అంగళ్ల దగ్గర చెప్పాను, పెండ్లి పందిళ్లలో చెప్పాను, ఒకసారి టికెట్ అడిగిన పెద్దమనిషికీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని జరిమానా రాసి చేతిలో పెట్టాడు. నిజానికి తాత కంకర మోశాడు. అదీ ఒక్క ఎండాకాలమే అనేది అవ్వ. ఆ లైను వేసే నాటికి ఆయన పుట్టి కూడా ఉండడని ఈమధ్యే తోచింది. ఎక్కడో కట్ట తెగితే బాగుచేయడానికి పోయి ఉంటాడు.

అయినా ఆ లైను మాదే. మీటరు గేజి రోజుల్లో బొగ్గు రవ్వలు నా కంట్లోనే పడ్డాయి. బ్రాడ్ గేజి వేసేటప్పుడు బస్సుల్లో వేలాడింది నేనే. కరెంటు తీగలొచ్చిన నాడు నోరు తెరుచుకుని చూసిందీ నేనే. ఇన్ని మారినా దారి మాత్రం చాలాకాలం ఒక్కటే. ఎదురుగా ఇంకో బండి వస్తోందంటే ఒకటి స్టేషన్లో పక్క పట్టాల మీద ఆగి దారివ్వాలి. క్రాసింగ్ అంటారు. మా ప్యాసింజర్లు రెండూ పెనుకొండలో క్రాసింగయ్యేవి. అందరూ తిట్టుకునేవాళ్లు. మొదట్లో నేనూ తిట్టాను, కారణముంది.

నాయన హిందూపురంలో మా ఇంట్లో పోయాడు. అక్క ధర్మవరంలో నేతగాళ్ల ఇంటి కోడలు. కబురందగానే రైలెక్కింది. ఆ రైలు పెనుకొండలో ఎదురుబండి కోసం నిలబడిపోయింది. ఇక్కడ పొద్దు గుంకుతోందని పెద్దలు తొందరపెట్టారు, ఎత్తేశాం. అక్క వచ్చేసరికి మేము మన్ను చేసి వచ్చి స్నానాలు చేస్తున్నాం.

"నాయన మొగం గూడా చూడనీకుండా చేస్తివి కదరా! నాకోసం రోంతసేపు ఆగల్యాకపోతిరా?"

"రైలు ఆడ నిలబడితే నేనేం చేద్దునక్కా? పోయి ఎనక నుంచి నూకాల్నా?"

ఎక్కడైనా ఎకసక్కెమాడే నోరు నాది. ఆ రోజు కూడా ఊరుకోలేదు. అక్క నా వంక చూసి, తడిసిన వాకిట్లోనే నిలబడి, "ఇంగ నీ గడప తొక్కితే ఒట్టు" అంది. నేనూ, "నీ గడప నేను తొక్కితే ఒట్టు, పో" అన్నాను. మా ఇండ్లలో చావింట్లో పెట్టుకున్న ఒట్టును తీసి గట్టున పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. పెద్దలు తలలు పట్టుకున్నారంతే.

నేను సోమవారం సోమవారం హిందూపురంలో పట్టుదారం ఎత్తుకుని ధర్మవరం మగ్గాలకు వేసేవాణ్ని. అక్క కూడా సోమవారమే ధర్మవరం చీరలు మూటగట్టి హిందూపురంలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. ఆమె ఊర్లో నేను, నా ఊర్లో ఆమె, మధ్యలో ఒట్టు. ఒక పొద్దున పెనుకొండలో మా బండి ఆగింది. పక్క పట్టాల మీద ఎదురుబండి ఆగింది. దాని తలుపు దగ్గర అక్క.

ముందు ఆమే అంది:

"ఏమిరా, అట్ల చిక్కినావు? నీ పెండ్లాం కూడు పెట్టడం ల్యాదా?"

"నేను చిక్కలేదు, నువ్వు లావైనావు."

రెండు పెట్టెల్లో జనం నవ్వారు. అక్క తన టిఫిన్ డబ్బా మూత ఒత్తి చేయి చాపింది. "ఉగ్గాని. మిరపకాయలు నువ్వు తినేటివే." అందుకున్నాను. రైలుకు గడప లేదు, ఒట్టుకు రైలు సంగతి తెలీదు. పైగా రైలు ఆగితే ఇద్దరమూ ఆగినట్టే. ఎవరూ తగ్గినట్టు కాదు.

అప్పటినుంచి ప్రతి సోమవారం పొద్దున డబ్బా నాకొచ్చేది, సాయంత్రం తిరుగుబండ్ల క్రాసింగ్‌లో ఆమెకు పోయేది. వట్టి డబ్బా తిరిగివ్వకూడదు కాబట్టి హిందూపురం చింతపండో, బెల్లం ముక్కో పెట్టి ఇచ్చేవాణ్ని. మా తలుపులు ఎప్పుడూ ఎదురెదురుగానే నిలిచేవని, డ్రైవర్లు మాకోసమే అలా ఆపేవాళ్లని మనవళ్లకు చెప్పాను. అబద్ధం. చాలాసార్లు నాలుగైదు పెట్టెల దూరం పడేది. ముసలితనం వచ్చాక కూడా కంకర మీద డబ్బా పట్టుకుని పరిగెత్తేవాణ్ని. "పడి సస్తావురా, నిదానం!" అని అక్క అక్కడినుంచే అరిచేది.

తర్వాత రెండో లైను పడింది. ఊరంతా సంబరపడింది. ఇక ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కర్లేదు. దాన్ని తెరిచింది ఒక సోమవారం మధ్యాహ్నం. ఆ సాయంత్రం నా చేతిలో పొద్దున అక్క ఇచ్చిన డబ్బా, అందులో చింతపండు. మా బండి పెనుకొండ చేరకముందే అక్క బండి పక్కనుంచి దూసుకుపోయింది. కిటికీలోంచి ఊగుతూ ఒక చేయి కనిపించింది. ఆమెదే అనుకున్నాను. కాకపోయి ఉండవచ్చు.

పెనుకొండలో దిగి ఆమె బండికోసం కాచుకోవచ్చు కదా అని మీరడుగుతారు. ఆమె కూడా దిగవచ్చు. ముందు ఎవరు దిగాలి? మేమిద్దరం ఒక్క నాయన బిడ్డలం. తర్వాత అక్కకు మోకాళ్లు పట్టేశాయి, చీరల మూట మానేసింది. డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయింది.

మొన్న ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "మామా, అమ్మ పోయింది. నువ్వొచ్చేదాకా ఎత్తేది ల్యా. 'నా తమ్ముడొచ్చేదాకా నన్ను ఎత్తొద్దండి, ఆ రైలు పెనుకొండలో నిలబడిపోతాది, ఎంత పొద్దుపోయినా ఆగండి' అని ఎప్పుడో చెప్పి పెట్టింది."

డబ్బాలో కొత్త చింతపండు పెట్టుకుని రైలెక్కాను. పెనుకొండలో నిమిషం ఆగింది. ఇంకాసేపు ఆగు తల్లీ అనుకున్నాను. ఆగలేదు. పక్క లైను మీద ఎదురుబండి వేగం కూడా తగ్గించకుండా వెళ్లిపోయింది.

ధర్మవరంలో ఎండ ఇంకా నడినెత్తిన ఉంది. పందిరి కింద కూర్చున్నవాళ్లు నన్ను చూసి తెల్లబోయారు. "అప్పుడే వచ్చినావా అబ్బా?" అన్నాడొకాయన. రాత్రిదాకా కాచుకోవడానికి సిద్ధపడి ఉన్నారు పాపం. నేను వచ్చేశాను కాబట్టి అందరూ లేచారు.

గడప దాటాను. డబ్బా ఆమె తల పక్కన పెట్టాను. కాళ్లమీద పడి క్షమించమని అడిగానని ఊర్లో చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. నాకు వచ్చింది ఒక్కటే మాట.

"రైలు టైముకే వచ్చేసిందక్కా."