చెవి మేస్త్రీ, అక్క వ్యాన్

వ్యాన్ సిగ్నల్ దగ్గర మళ్లీ ఆగిపోయిందని అక్క చెప్పేసరికి చెవి మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. పదిహేను రోజుల్లో ఇది మూడోసారి. వ్యాన్ పాతదే, కాదనేదేముంది. కానీ తను చెయ్యి పెట్టిన బండి మళ్లీ షెడ్డు ముఖం చూడటమేమిటి? ముప్పై ఏళ్లుగా అందరూ తనను చెవి మేస్త్రీ అని ఊరికే పిలుస్తున్నారా? రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజిన్ చుట్టూ తిప్పుతూ, గాలి దొంగతనంగా ఎక్కడ దూరుతోందో బుసను బట్టి పట్టేసేవాడు. స్ప్రే కొట్టి, ఇంజిన్ వేగం మారితే లీకు అక్కడేనని తేల్చే మెకానిక్‌లంటే ఆయనకు లెక్కలేదు. "చెవుల్లేనోళ్లు చేసే పని అది" అని వాళ్ల ముఖానే అనేవాడు.

ఒకసారి చెవులు చూపించుకోండి అన్నందుకు భార్యతో నాలుగు రోజులు మాటలు మానేశాడు.

ఇంకెవరి బండైనా అయితే ఇంత మంట ఉండేది కాదు. బావకు కిడ్నీలు పోయి రెండేళ్లయింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆస్పత్రికి వేళకు చేరకపోతే ఆ రోజు మెషీను ఇంకొకరికి పోతుంది. తీసుకెళ్లేది అక్కే, ఆ వ్యాన్‌లోనే.

"బండి మార్చేయమంటున్నార్రా అందరూ" అంది అక్క.

"అనేవాళ్లకేం, అంటారు. ఇంజిన్ బంగారంలా ఉంది. ఎక్కడో గాలి పీలుస్తోంది, అంతే. నువ్వెక్కి స్టార్ట్ చెయ్యి."

బానెట్ ఎత్తి గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. కార్బురేటర్ అడుగున చూశాడు, అతుకుల మధ్య గాస్కెట్ల వెంబడి చూశాడు. ఏమీ లేదు. ఇంజిన్ మాత్రం గజగజ వణుకుతూనే ఉంది. కిందటిసారి తనే మార్చిన సన్న గొట్టాలను పీకి, ఈ కాలం రబ్బరూ ఒక రబ్బరేనా అని తిట్టి, మళ్లీ తొడిగాడు. అయినా అంతే. ఒళ్లు మండి పక్క షెడ్డు వైపు తిరిగాడు.

"ఏం తమ్ముడూ, ఆ లేత్ మెషీను కాసేపు ఆపలేవా? ఒకటే గుయ్యిమంటోంది, ఏమన్నా వినపడనిస్తేగా."

లేత్ పనివాడు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. "పొద్దున్నుంచీ కరెంటే లేదన్నా" అన్నాడు.

మేస్త్రీ లేత్ వైపు చూశాడు, నిజంగానే ఆగి ఉంది. చెవుల్లో గుయ్యిమనే మోత మాత్రం ఆగలేదు.

"ఒరేయ్" అంది అక్క సీట్లోంచి. "బ్రేకు తొక్కితే ఇక్కడ కాళ్ల ముందు బుస్సుమంటోంది. నాకే ఇంత బాగా వినపడుతోందే."

బానెట్ లోపలి నుంచే ఆమె చెప్పిన వైపుకు చెయ్యి పోనిచ్చాడు. ఇంజిన్ నుంచి బ్రేకుకు వెళ్లే లావుపాటి గొట్టం, కంటికి కనపడని అడుగు వైపున చీలి ఉంది. వేలు పెడితే వేలిని లాగేస్తోంది. గట్టిగా నొక్కి పట్టుకోగానే ఇంజిన్ వణుకు ఆగిపోయింది.

బ్రేకుకు బలమిచ్చేది ఆ గొట్టమే. బ్రేకు గట్టిగా ఉంటోందని, బలమంతా పెట్టి తొక్కాల్సొస్తోందని అక్క కిందటిసారే చెప్పింది. పాత బండి, అలాగే ఉంటుంది, డోకా లేదు పో అన్నాడు తను. ఆ బ్రేకుతో పొమ్మన్నది ఎవరిని? అక్కను, పక్కన బావను కూర్చోబెట్టుకుని.

కొత్త గొట్టం వేసి, క్లిప్పులు బిగించి, బ్రేకు నాలుగుసార్లు తొక్కించి చూసి, బానెట్ దించాడు.

"నాకు వినపడటం లేదక్కా" అన్నాడు. "చాన్నాళ్లయింది."

"తెలుసురా."

"తెలిసి నా దగ్గరికే ఎందుకు తెచ్చావు?"

"మీ బావే తీసుకెళ్లమన్నారు. ఇంకో షెడ్డుకు వెళ్తే నీ మనసు విరిగిపోతుందన్నారు."

"నా మనసు కోసం ఆయన ప్రాణం మీదకు తెచ్చుకుంటారా? బుద్ధుందా మీ ఇద్దరికీ?" అని మేస్త్రీ వీధంతా వినపడేలా అరిచాడు. అరుస్తూ అరుస్తూనే బానెట్ మీద తల పెట్టి ఏడ్చేశాడు.