నాన్న పిడికిట్లో ఆకుపచ్చ తాడు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా చెల్లెలు గీసే దెయ్యాలకు చెక్క ఫ్రేములు బిగించేది నేనే. సముద్రం అడుగున రాజ్యాలు, కొమ్ముల రాణులు, కళ్లులేని సైన్యాలు. ఫోన్లో పెడితే ఎక్కడెక్కడి వాళ్లో చూసి మెచ్చుకుంటున్నారు. ఈ ఏడాది మా దీవుల్లోనే, గరాచర్మలో ఒక హాల్లో మొదటి ప్రదర్శన పెట్టింది. పదిహేను బొమ్మలకు ఫ్రేములు నేనే చేశాను. పదహారోది మాత్రం నన్ను చూడనివ్వలేదు, ముట్టనివ్వలేదు.

ముందు నాన్న సంగతి చెప్పాలి. ఆరేళ్ల క్రితం సముద్రం మీద చేపల వేటకెళ్లిన నాన్న మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. గుర్తుపట్టడానికి ఆసుపత్రికి నేనొక్కడినే వెళ్లాను. ముఖం ఎడమ సగం లేదు. కుడి పిడికిట్లో ఆకుపచ్చ వలతాడు బిగుసుకుపోయి ఉంది. ఎంత లాగినా వేళ్లు రాలేదు. తాడు రెండు వైపులా బ్లేడుతో కోశాను. ఒక కొస నున్నగా తెగింది, రెండోది పీచులు పీచులుగా వచ్చింది. మిగిలిన ముక్క ఆయనతోనే కాలిపోయింది.

అప్పుడు గదిలో ఇంకెవరూ లేరు. చెల్లెలు విశాఖలో చదువుకుంటోంది, ఓడ దొరక్క చివరి చూపుకు కూడా రాలేకపోయింది. శరీరాన్ని పూర్తిగా చుట్టి ఇచ్చారు. హోప్ టౌన్‌లో ఇంటి దగ్గర ఎదురుచూస్తున్న అమ్మకు, నాన్న నిద్రపోతున్నట్టే ఉన్నాడని చెప్పాను. ఆ ఒక్క మాట పట్టుకునే అమ్మ మళ్లీ అన్నం తినడం మొదలుపెట్టింది. అందుకే ఆ అబద్ధాన్ని ప్రాణంలా కాపాడుకుంటూ వచ్చాను. భార్యకు కూడా చెప్పలేదు.

ప్రదర్శన రోజు ఉదయం అమ్మను ఫెర్రీలో నేనే తీసుకెళ్లాను. చివరి గోడ మీద పదహారో బొమ్మ ఉంది. పగడాల కిరీటం పెట్టుకున్న సముద్రపు రాజు. ముఖం ఎడమ సగం లేదు. కుడి పిడికిట్లో ఆకుపచ్చ తాడు. ఒక కొస నున్నగా ఉంది, రెండోది పీచులు పీచులుగా ఉంది.

అమ్మ ఆ సగం ముఖాన్ని చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"నిద్దరోయినట్టున్నాడని సెప్పినావు కదరా."

నేను తల దించుకున్నాను. అమ్మకు జవాబు అందిపోయింది.

చెల్లెల్ని పక్కకు లాగి, ఎవరు చెప్పారని నిలదీశాను. తను బెదరలేదు.

"నాన్నే అన్నయ్యా. రోజూ మధ్యాహ్నం ఎదురుగా కూకుని గీయించుకున్నాడు. సచ్చీ, నిజంగానే. అమ్మకి సూపించమన్నాడు."

నాకు భయం కంటే ముందు కోపం వచ్చింది. చెల్లెలి మీద కాదు, నాన్న మీద.

అమ్మ ఇప్పుడు నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది. నేనేం చెప్పినా ఒకసారి చెల్లెల్ని అడిగి చూసుకుంటుంది. చెల్లెలికి ఎలా తెలిసిందో ఎన్ని విధాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. దెయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. కానీ ఆయన వచ్చిన మాటే నిజమైతే, ఆ గదిలో ఆయన వేళ్లు పట్టుకుని ఏడ్చినవాణ్ని నేను. ఒక్కసారి నా దగ్గరికి వచ్చి, చెప్పెయ్యరా అని ఉంటే నేనే చెప్పేవాణ్ని.