తుమ్మల దిక్కు

ఇబ్రహీంపట్నానికి రైలు లేదు. బస్సులున్నాయి, ఆటోలున్నాయి, సాగర్ రోడ్డు మీద పొద్దస్తమానం హారన్లున్నాయి గానీ రైలు కూత మాత్రం ఆ ఊళ్లో ఎవరి చెవినా పడదు. అలాంటి ఊళ్లో ఇరవై తొమ్మిదేళ్లుగా రైల్వే మనిషి అనిపించుకున్నవాడు సామ్యేలు. రైల్వే అనగానే నల్లకోటు వేసుకుని టికెట్లు అడిగే ఉద్యోగం అనుకునేరు. కాదు. గడ్డపారతో పట్టా సర్ది, కింద కంకర ఎగదోసి, ఎండకు మాడి వానకు నానే గ్యాంగు పని. ఆ గ్యాంగును నడిపించేవాణ్ని మేటు అంటారు. మన సామ్యేలు మేటు.

పొద్దున ఆరింటికి మోటారు సైకిలు తీస్తే మహేశ్వరం దాటి, ముప్పై కిలోమీటర్లు పోయి లైను చేరేవాడు. వెనక సీటు మీద నగేష్ ఉండేవాడు. సామ్యేలు భార్య మారెమ్మకు నగేష్ ఒక్కగానొక్క తమ్ముడు. పదహారేళ్ల కిందట అతనికీ అదే గ్యాంగులో కొలువు దొరికింది. మొదటి రోజు మారెమ్మ తమ్ముడి టిఫిను డబ్బా మొగుడి చేతిలో పెట్టి, "పొద్దుగూకంగ వాన్ని వెంట తీస్కరా. నువ్వొక్కనివే మాత్రం రాకు," అంది. నవ్వుతూనే అంది. సామ్యేలు మాత్రం అది నవ్వులాటగా తీసుకోలేదు.

అప్పట్లో అది ఒంటి లైను. పొలం గట్టు మీద ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు దిగి నిలబడాలి కదా, అక్కడ రైళ్ల బతుకూ అంతే. అటు బండి వచ్చేదాకా ఇటు బండి చిన్న స్టేషన్లో పడిగాపులు కాయాలి. అరగంట అంటే అదృష్టం, గంటన్నర అంటే మామూలు. పాల క్యాన్లవాళ్లు, కూరగాయల గంపలవాళ్లు, కాలేజీ పిల్లలు అందరూ దిగి పట్టాల వెంట తిరుగుతూ, ఎదురుగా కనపడ్డ ఖాకీ చొక్కా మీద పడేవారు.

"ఏందన్నా, ఇయ్యాల ఇడుస్తరా, రేపు ఇడుస్తరా?"

"నా చేతుల ఏమున్నది తమ్మీ? ఎదురు బండి రావాలె గద!"

తిట్లకు అతను ఎన్నడూ బాధపడలేదు. ఒకసారి మాత్రం నర్సింగు పరీక్షకు పోయే ఆడపిల్ల ఒకతె, పది గంటలు దాటిపోయిందని తెలిసి, హాల్‌టికెట్టు చేతిలో పట్టుకుని కంకర మీదే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపు సామ్యేలు గుండెలో దిగబడిపోయింది. అప్పటినుంచి ఆదివారం చర్చిలో అందరూ ఆరోగ్యం కోసం, పిల్లల చదువుల కోసం ప్రార్థన చేస్తుంటే, ఇతను రెండో లైను కోసం చేసేవాడు. పాస్టరుగారు విని పడీపడీ నవ్వారట.

ఇక గ్యాంగు మాట ఒకటి చెప్పాలి. వాళ్ల గ్యాంగు పనిచేసే మలుపులో లైనుకు ఒక పక్క గుట్ట. గుట్ట అడుగున లోతు కాలువ, నిలబడే చోటు లేదు. రెండో పక్క చదును నేల, దాని నిండా నల్లతుమ్మలు. బండి వస్తే అందరూ ఆ పక్కకే దిగాలి. ఎడమ, కుడి అని అరిస్తే కుదరదు, ఎవరు ఎటు తిరిగి వంగి ఉంటే వాళ్లకు అది మారిపోతుంది. అందుకని సామ్యేలు ఒక కేక పెట్టుకున్నాడు. "తుమ్మల దిక్కు!" అంతే. అది చెవిన పడ్డదంటే చేతిలో ఏదుంటే అది వదిలేసి తుమ్మల కిందికి దుమకాలి. ఎందుకు, ఏమిటి అని తల తిప్పి చూడకూడదు. తల తిప్పి చూసినంతసేపట్లో బండి మీదికొస్తుందని కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి రోజే నూరిపోసేవాడు.

నగేష్‌కైతే అది ఒంట్లో జీర్ణించుకుపోయింది. మాట సగం బావ నోట్లో ఉండగానే తను తుమ్మల నీడలో ఉండేవాడు. "బావా, నువ్వు నిద్రల ఒర్లినా నేను మంచం మీంచి దుంకుత," అనేవాడు. అతని భార్య యాదలక్ష్మి అది నిజమే అని ఒట్టేసింది. ఒకనాడు ఇంట్లో టీవీ చూస్తున్న మొగుణ్ని ఆటపట్టించడానికి వెనకనుంచి "తుమ్మల దిక్కు!" అని అరిచిందట. పాపం, చేతిలో ఉన్న చాయ్ కప్పు విసిరేసి గడప అవతల పడ్డాడు. ఆ ముచ్చట చెప్పుకుని రెండిళ్లవాళ్లూ ఎన్ని పండగలు నవ్వుకున్నారో!

పదహారేళ్లలో ఆ కేక అతణ్ని ఎన్నిసార్లు బతికించిందో లెక్కలేదు.

ఎట్టకేలకు రెండో లైను వచ్చింది. ముందుగా మిషన్లు దిగి తుమ్మల్ని కూల్చాయి. చదును నేల అదొక్కటే కాబట్టి కొత్త లైను అక్కడే వేయాలి మరి. సామ్యేలు చిన్నపిల్లాడయిపోయాడు. బస్టాండు దగ్గర జిలేబీ కట్టించుకొచ్చి గ్యాంగుకంతా తినిపించాడు. మట్టి పోశారు, కంకర పరిచారు, పట్టాలు వేశారు, పైన కరెంటు తీగలు లాగారు. మొదటి బండి కొత్త లైను మీద పోయిన రోజున సామ్యేలు చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు, కళ్లనిండా నీళ్లు. పోయే బండ్లు ఒక లైను మీద, వచ్చే బండ్లు ఒక లైను మీద. పడిగాపులు పోయాయి. పాలవాళ్లు, కాలేజీ పిల్లలు గడియారం చూసుకుని స్టేషనుకు రావడం మొదలుపెట్టారు. సామ్యేలును తిట్టేవాడే లేకుండా పోయాడు.

పెద్ద సార్లు వచ్చి గ్యాంగును కూర్చోబెట్టి చెప్పారు. ఇక మీదట ఏ బండి వచ్చినా పక్క లైను మీదికి అడుగు పెట్టొద్దు, గుట్ట వైపుకే దిగాలి. కాలువ మీద సిమెంటు పలకలు పరిపించి నిలబడే చోటు కూడా చేయించారు. గ్యాంగులో కొత్తగా చేరిన రత్నాకర్, తిరుమల ఇద్దరూ డిగ్రీ చదివినవాళ్లు. సామ్యేలు పొద్దున పని మొదలుపెట్టే ముందు వాళ్లతో మూడుసార్లు "గుట్ట దిక్కు" అనిపించేవాడు. నగేష్ కూడా పిల్లల్తో కలిసి బడి పాఠంలాగా రాగం తీసి అనేవాడు. తుమ్మల మాట ఆ ఇద్దరికీ ఎవరూ చెప్పలేదు. లేని చెట్ల సంగతి వాళ్లకెందుకు?

నాలుగు నెలలు బాగానే గడిచింది. ఒక మంగళవారం, పొద్దున పదిన్నర. పాత లైను మీద సామ్యేలు, నగేష్, ఆ కొత్త పిల్లలిద్దరూ వంగి కంకర ఎగదోస్తున్నారు. మలుపు అవతల ఈల ఊదే మనిషి ఉన్నాడు, ఊదాడు కూడా. గాలి ఎదురు కొడుతోంది, వినపడలేదు. వెనకటి డీజిలు ఇంజనైతే మైలు దూరం నుంచే గుండె అదిరేది. ఈ కరెంటు ఇంజను పిల్లిలాగా వస్తుంది. సామ్యేలు నడుం నొప్పికి తలెత్తాడు. మలుపులో ఇంజను మొహం.

అయ్యో దేవుడా! నాలుగు నెలలు నేర్చుకున్న మాట నోటికి రాలేదు. ఇరవై తొమ్మిదేళ్ల మాట వచ్చింది.

"తుమ్మల దిక్కు!"

రత్నాకర్‌కు, తిరుమలకు ఆ మాట అర్థం కాలేదు. బండి చూశారు, పొద్దున నేర్చుకున్నట్టే గుట్ట వైపుకు దుమికారు. సామ్యేలు కాళ్లు కూడా వాళ్ల వెనకే పోయాయి. నగేష్ ఒక్కడికే ఆ మాట అర్థమయింది. తల తిప్పి చూడలేదు. గడ్డపార వదిలేసి, ఎప్పటిలాగే అందరికన్నా ముందు, తుమ్మలుండే చోటికి దుమికాడు. అప్పుడే కొత్త లైను మీద ఎదురు బండి వచ్చింది. ఆ రోజు రెండు బండ్లూ సరిగ్గా టైముకే వచ్చాయి.

పొద్దుగూకి సామ్యేలు ఒక్కడే ఇంటికొచ్చాడు. ఫోను ముందే వచ్చింది, మారెమ్మ ఏడ్చి ఏడ్చి గుమ్మంలో కూలబడి ఉంది. అంతా తెలిసి కూడా, మోటారు సైకిలు ఆగగానే ఆమె చూపు వెనక సీటు మీదికే పోయింది.

నగేష్‌ను సమాధి చేసిన మర్నాడే విచారణ పెట్టారు. "కేక వేశావా?" అని సార్ అడిగాడు.

"ఏసిన సార్."

"ఏమని వేశావు?"

"బండి... బండొస్తున్నదని."

అబద్ధం. తిట్టాలనిపిస్తే తిట్టండి, తిట్టదగిన పనే. ఏడాదిలో రిటైరు కావలసినవాడు, ఆ మాట అనేసి వేలిముద్ర వేసినట్టు సంతకం పెట్టి వచ్చేశాడు. రత్నాకర్‌ను అడిగితే, "మేటు ఏదో అరిచిండు సార్, మాకు సమజ్ కాలే," అన్నాడు. కాగితం తయారైంది. మృతుడు తన అజాగ్రత్త వల్ల పక్క లైను మీదికి పోయాడు అని అందులో రాశారు.

కాగితం కన్నా ముందు మాట ఊరు చేరింది. చెవుల్లో పాటలు పెట్టుకున్నాడని ఒకడు, పొద్దున్నే తాగి పోయాడని ఇంకొకడు. నగేష్ చుక్క ముట్టని మనిషి. ఏ నోటికీ తాళం లేదాయె.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక యాదలక్ష్మి నేరుగా సామ్యేలు ఇంటికొచ్చింది. మారెమ్మ మంచినీళ్లిస్తే తాగలేదు.

"అన్నా, తాగిండని అంటున్నరు. నా బిడ్డ బడిల గూడ ఎవరో అన్నరంట, మీ నాయిన సోయి లేక సచ్చిండని. పదారేండ్లు గా పని జేసినోడు, చూస్కోకుంట పట్టాల మీదికి పోతడా? నువ్వు ఆడనే ఉంటివి. నువ్వన్న చెప్పు."

సామ్యేలు తలెత్తలేదు.

"తాగలే చెల్లె. సోయి తప్పలే. నేనే ఒర్లిన, తుమ్మల దిక్కు అని. గుట్ట దిక్కు అనాల్సింది, నోట్లకు గదే వచ్చింది. వాడు ఇన్నడు. ఇని దుంకిండు."

మారెమ్మ చేతిలోని చెంబు కిందపడింది. ఆమె మొగుడి వైపు చూసి, మొహం గోడకు తిప్పుకుని, కొంగు నోట్లో కుక్కుకుంది. యాదలక్ష్మి ఏడవలేదు. లేచి నిలబడింది.

"గిది నాకు చెప్పుడు కాదు. గా సారుకు చెప్పు పో."

సోమవారం సామ్యేలు ఆఫీసుకు పోయి అన్నీ చెప్పాడు. సార్ ఆసాంతం విని, ఆ స్థలం ఫొటోలు తిరగేశాడు.

"ఇక్కడ తుమ్మచెట్లు ఎక్కడున్నాయి?"

"నరికిండ్రు సార్, కొత్త లైనుకు."

"మరి లేని చెట్ల వైపు అంటే ఎవరికి తెలుస్తుంది?"

"మాకు తెలుస్తది సార్. నాకు, మా నగేష్‌కు."

సార్ కలం కింద పెట్టేశాడు.

సామ్యేలును మేటు పని నుంచి తప్పించారు. అతని మీద ఇంకో విచారణ వేశారు. అతను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. నెల తర్వాత కొత్త కాగితం వస్తే, దాని నకలు అడిగి తీసుకుని, చొక్కా లోపల పెట్టుకుని, యాదలక్ష్మి ఇంటికి పోయాడు. ఆమె లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. గడప దగ్గర నిలబడింది.

"సదువు," అంది.

చదివాడు. మృతుడు మేటు కేక విని, మేటు చెప్పిన వైపుకే దిగాడు, అతని తప్పేమీ లేదు అని ఉంది.

"మల్లొక్కసారి."

మళ్లీ చదివాడు. యాదలక్ష్మి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, గూట్లో ఉన్న నగేష్ బైబిలు మధ్యన దాచింది. బిడ్డకు చూపించాలి అంది. సామ్యేలు చెప్పులు తొడుక్కుంటుంటే వెనకనుంచి పిలిచింది.

"అన్నా, గా ఇద్దరు పిలగాండ్లకు తుమ్మల మాట నువ్వు నేర్పలే గద?"

"లే చెల్లె."

"గందుకే బతికిండ్రు," అంది యాదలక్ష్మి. "ఆయనకు గూడ నేర్పకుంటె అయిపోతుండె గద అన్నా."