గంపకి ఓ చెయ్యి

చేపల గంప దించుకోవడం తేలిక, ఎత్తుకోవడమే కష్టం. మోకాలిదాకా ఎవరికి వాళ్ళు లేపుకోవచ్చు. అక్కణ్ణించి నెత్తిమీదికి ఎక్కాలంటే మాత్రం ఎదురుగా ఇంకో మనిషి నిలబడి చెయ్యి వెయ్యాల్సిందే. మా అమ్మ ఏళ్ళ తరబడి విశాఖ సీతమ్మధార వీధుల్లో చేపలమ్మింది. ఆ ఒక్క చెయ్యి కోసం ఎన్ని గేట్ల ముందు పడిగాపులు పడిందో నాకు తెలుసు.

కొనడానికైతే అందరూ వచ్చేవారండీ. మొప్పలెత్తి చూసి "నిన్నటివి కావు కదా?" అని దబాయించేవారు. గుమ్మం బయటే కూర్చోబెట్టి పొలుసు గీయించి, ముక్కలు కోయించుకునేవారు. అంతా అయ్యాక అమ్మ "అమ్మగోరూ, కూసింత సెయ్యెయ్యండి" అంటే చాలు, ఎక్కడలేని మడీ అప్పుడే గుర్తొచ్చేది. ఒకావిడ తలంటుకున్నాననేది. కాగితప్పూల తీగ పాకిన మేడ ఒకటుండేది. ఆ ఇంటావిడైతే జవాబు కూడా చెప్పేది కాదు, గిన్నె పట్టుకుని లోపలికెళ్ళి తలుపేసుకునేది. తినే చేపకి లేని మైల మోసే గంపకి ఎక్కణ్ణించి వచ్చిందో! దారినపోయే రిక్షా అతనో, పాలాయనో వచ్చేదాకా అమ్మ ఎండలో నిలబడేది. అందుకే బడి లేని రోజుల్లో నేను వెంట వెళ్ళేదాన్ని, ఆ చెయ్యి వెయ్యడానికే. మునివేళ్ళ మీద నిలబడి ఎత్తుతుంటే చేపల నీళ్ళు నా మొహం మీద కారేవి.

చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, ఊళ్ళు తిరిగాను. హైదరాబాదులో ఇంటి ఓనరు నా పేరు కన్నా ముందు "మీరు ఏమిటోళ్ళు?" అనడిగాడు. చెన్నైలో వంటింట్లో నీచు వండకూడదన్నారు. పుణెలో అమ్మ పంపిన ఎండు నెత్తళ్ళ చేపలు వేయించానని నెల తిరక్కుండా ఖాళీ చేయించారు. పళ్ళు నూరుకున్నాను గానీ, సర్లే, పరాయి ఊళ్ళు కదా, మన విశాఖపట్నంలో అయితే ఇలా జరుగుతుందా అని సరిపెట్టుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

రెండువేలు దాటాక విశాఖకే బదిలీ అయింది. అప్పటికి నాన్న లేడు. అమ్మకి మెడ సరిగ్గా తిరిగేది కాదు, అయినా గంప మానలేదు. "ఇంక దించేసి నా దగ్గరుండమ్మా" అని బతిమాలాను. "సీతమ్మధారలో అయితే వత్తాను. ఆ ఈదుల్లో అందరూ నాకు తెలుసు" అంది.

వెతగ్గా వెతగ్గా ఆ కాగితప్పూల మేడకే పైవాటా అద్దెకుందని తెలిసింది. ఆ ఇంటావిడ నన్ను గుర్తుపట్టలేదు. కాఫీ ఇచ్చింది. ఆఫీసు పేరు చెప్పగానే కులం అడగడం మర్చిపోయినట్టుంది, "మీలాంటి చదువుకున్నవాళ్ళయితే మాకూ నిశ్చింత" అంది. నేను పంతానికే ఒప్పుకున్నాను. గంప లేకుండా మా అమ్మ ఆ మెట్లెక్కాలి, నేను చూడాలి.

మర్నాడు అమ్మని తీసుకెళ్ళాను. ఇస్త్రీ చీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. నేను ఆటో పంపించేలోగా తనే గేటు తీసుకుని లోపలికి అడుగుపెట్టింది. వరండాలోంచి ఆవిడ కేకేసింది. "ఏమే, ఇవాళ ఏం తెచ్చావు? గంపేదీ?"

"ఏటీ తేలేదమ్మగోరూ" అంటూ అమ్మ గబుక్కున వెనక్కి నడిచి గేటు బయట నిలబడింది.

"మా అమ్మండీ. మీ పైవాటాలో ఉండబోయేది ఈవిడే" అన్నాను.

ఆ వాటాని వాళ్ళబ్బాయి ఇంకెవరికో ఇస్తానని మాటిచ్చేశాడట, ఇప్పుడే చెప్పాడట అంది ఆవిడ. ఇంట్లో ఆ అబ్బాయీ లేడు, ఫోనూ మోగలేదు. నాకు ఒళ్ళు తెలియలేదు. "మా అమ్మ కోసిచ్చిన ముక్కలు ఇన్నేళ్ళూ మీ గొంతు ఎలా దిగాయండీ?" అని వీధంతా వినపడేలా అరిచాను. "ఊరుకోయే తల్లీ, నలుగురూ సూత్తన్నారు" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

నేను ఇంకో ఇల్లు వెతుకుతూనే ఉన్నాను. ఆ వారంలోనే అమ్మ మళ్ళీ గంపెత్తుకుంది. పోనీ వేరే వీధికి వెళ్ళిందా అంటే, అదే ఇంటికి! "నీకు సిగ్గనేది లేదా అమ్మా?" అని మీదపడ్డాను. కాళ్ళు కడుక్కుంటున్నదల్లా తలెత్తి నవ్వింది.

"ఓలమ్మా, ముందినవే! నువ్వు అరిసినావు గదా, ఆయమ్మ ఇయ్యాల గేటు దాటి బయటికొచ్చింది. నానడక్కుండానే గంపకి సెయ్యేసింది. ఇన్నేల్లకి!"

అమ్మ మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. చెయ్యి వేసిందట! నేను దించుదామని చూసిన గంపని ఆవిడ మళ్ళీ మా అమ్మ నెత్తికే ఎత్తి, వీధిలోకి పంపి, గేటు వేసుకుంది.