పదకొండు పేజీల గెలుపు

జోసఫ్ ఉన్నన్నాళ్లూ విమలకుమారి తెల్లవారుజామున ఐదింటికే లేచి అతనికి బాక్సు కట్టేది. అతను పోయి ఎనిమిది నెలలు. ఇప్పుడూ ఐదింటికే మెలకువ వస్తోంది, బాక్సు కట్టే పని మాత్రం లేదు. కాఫీ పెట్టుకుని, అతని పేరు మీద ఇంకా వస్తున్న ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంటోంది.

డాలస్‌లో ఒకే కంపెనీకి పంతొమ్మిదేళ్లు చేశాడు జోసఫ్. జీతంతో పాటు ఇచ్చిన షేర్లలో ఒక్కటీ అమ్మలేదు. "వీటి విలువ నాకు తెలుసు విమలా, తొందరపడకు" అనేవాడు. అతను పోయిన మూడో నెలలో చైర్మన్ పాత స్నేహితుడొకడు కంపెనీని మొత్తంగా కొనేశాడు. షేరుకి ఇరవై రెండు డాలర్లు. ఇస్తావా అని విమలను అడిగినవాళ్లు లేరు. అది న్యాయమైన ధరేనని చెప్పడానికి కంపెనీవాళ్లే ఒక బ్యాంకును పెట్టుకుని, చెప్పినందుకు దానికి ఫీజిచ్చారు. ఆ ధర అన్యాయమని కొందరు షేర్‌హోల్డర్లు అందరి తరఫునా కోర్టుకెక్కారు.

అదే కంపెనీలో చేసే కాలేబ్, డాలస్ పక్కనే కాపెల్‌లో ఉన్న వాళ్ల తెలుగు చర్చిలో పెద్ద. ఒక శుక్రవారం ఫోన్ చేశాడు.

"గెలిచామక్కా. కేస్ సెటిలైంది. ఆదివారం మీరు సాక్ష్యం చెప్పాలి."

సెటిల్‌మెంట్ కాగితం ఇంకా ఇంటికి రానేలేదు. అయినా ఆదివారం చర్చిలో విమల లేచి, దేవుడు విధవరాలి మొర విన్నాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. వచ్చే ఆదివారం కృతజ్ఞతా కూడిక పెట్టారు. అరవై మందికి బిర్యానీ విమల చేతిదేనని కాలేబే తీర్మానించేశాడు.

మంగళవారం కాగితం వచ్చింది. కాలేజీ చదువుతున్న కూతురు పర్సిస్ చదివి చెప్పింది.

"ప్రైస్ మారలేదమ్మా. సేమ్ ట్వెంటీ టూ."

"మరేం గెలిచాం?"

"కంపెనీ అమ్మడానికి షేర్‌హోల్డర్ల ఓటింగ్ పెట్టారు కదా, దానికి ముందు ఇంకో పదకొండు పేజీల ఇన్ఫర్మేషన్ ఇచ్చారు. బ్యాంక్‌కి ఎంత ఇచ్చారో, అదీ. దట్స్ ది విన్."

"ఆ పేజీలు మనకెప్పుడొచ్చాయి?"

"డాడీ పేరు మీద పంపారు."

"లాయర్లకో?"

పర్సిస్ ఆ అంకె చదివింది. విమల మళ్లీ చదవమంది. అందులో ఒక సున్నా కూడా తగ్గలేదు.

"మనం ఏం రాయకపోతే ప్రైస్‌కి ఓకే అన్నట్టేనమ్మా. వద్దంటే జడ్జికి లెటర్ రాయొచ్చు."

విమల చెబుతుంటే పర్సిస్ రాసింది. నా భర్త పంతొమ్మిదేళ్ల కష్టానికి ఇది న్యాయమైన ధర అని నా చేత అనిపించకండి. చచ్చిపోయినవాడికి పేజీలు పంపి గెలుపు అనకండి. విమల కింద సంతకం పెట్టి, తనే పోస్టాఫీసుకి తీసుకెళ్లింది.

శనివారం కాలేబ్ ఫోన్.

"పనులు మొదలుపెట్టారా అక్కా?"

"దేనికి కాలేబూ కృతజ్ఞతలు?"

"అదేంటక్కా, గెలిచాం కదా."

"గెలిచింది లాయర్లు. వాళ్లనే వండమను."

"చర్చి మొత్తానికి అనౌన్స్ చేశాం. మీరే కదా సాక్ష్యం చెప్పారు?"

"అబద్ధ సాక్ష్యం చెప్పాను. రేపు నేనే లేచి దిద్దుకుంటాను. మీ సంగతి మీరు చూసుకోండి."

ఫోన్ పెట్టేసి ఫ్రీజర్ తెరిచింది. అరవై మందికి సరిపడా చికెన్ రాయిలా గడ్డకట్టి ఉంది. ఇప్పుడు బయటపెడితేనే రేపటికి మెత్తబడుతుంది.

తలుపు వేసేసింది.